తమ్ముడి పెళ్ళికి పిల్లల్ని తీసుకెళ్తే స్కూల్ ఫైన్ అంట! ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి

రెడింగ్_రమణి | ఫిబ్రవరి 8, 2026, రాత్రి 10:42

అందరికీ నమస్తే. తెనాలిలో మా తమ్ముడి పెళ్ళి కుదిరింది. జూన్ చివరి వారంలో ముహూర్తం పెట్టారు. ఎగిరి గంతెయ్యాల్సిన వార్తే గానీ నాకు టెన్షన్ పట్టుకుంది. పాప ఇయర్ త్రీ. బాబు రిసెప్షన్‌లో (ఒకటో క్లాసుకి ముందుది) ఉన్నాడు, మే నెలలో ఐదేళ్ళు నిండుతాయి. ఇక్కడ స్కూళ్ళకి సెలవులిచ్చేదేమో జూలై మూడో వారం దాటాకే.

ఎనిమిది రోజులు సెలవు కావాలని ఫారం ఇస్తే, కుదరదని హెడ్‌టీచర్ రెండు లైన్లలో రాసి పంపారు. ఆఫీసులో ఉండే ఆవిడ మెల్లగా చెప్పింది, వెళ్తే ఒక్కో పేరెంట్‌కి ఒక్కో పిల్లకి ఎనభై పౌండ్లు అని. మేమిద్దరం, పిల్లలిద్దరు, అంటే 320. డబ్బు సంగతి అలా ఉంచండి, వచ్చే ఏడాది మేం ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి, అదే ఐఎల్‌ఆర్‌కి పెట్టుకోవాలి. ఈ ఫైన్ దానికి అడ్డం పడుతుందా?

మా ఆయనేమో "పెళ్ళి ఆగస్టులో పెట్టుకోమను" అంటున్నారు. ఆ మాట అమ్మతో అంటే ఫోన్ పెట్టేసింది.

స్లౌ_శ్రీను | ఫిబ్రవరి 8, రాత్రి 11:15

రమణి గారూ, ముందు కంగ్రాట్స్. మీ లెక్కలో ఒక తప్పుంది, అది మీకే లాభం. బాబుకి ఫైన్ పడదు.

ఇక్కడ చట్టం ప్రకారం పిల్లాడికి ఐదు నిండగానే చదువు తప్పనిసరి అయిపోదు. ఆగస్టు 31, డిసెంబరు 31, మార్చి 31 అని మూడు తేదీలున్నాయి. ఐదు నిండాక వాటిలో ముందు ఏది వస్తే, దాని తర్వాత మొదలయ్యే టర్మ్ నుంచి తప్పనిసరి. మీ వాడికి మేలో నిండితే సెప్టెంబరు నుంచే లెక్క. జూన్‌లో వాడు బడికి వెళ్ళకపోతే రిజిస్టర్‌లో గైర్హాజరు అని పడొచ్చు, హెడ్‌టీచర్ మొహం మాడ్చుకోవచ్చు, పెనాల్టీ నోటీసు మాత్రం రాదు. కాబట్టి మీది పాప ఒక్కదాని లెక్కే. ఇద్దరు పేరెంట్స్‌కి కలిపి 160.

ఆ 80 కూడా 21 రోజుల్లో కడితేనే. దాటితే 160, దానికి గడువు 28 రోజులు. అదీ దాటితే కోర్టు. 2024 ఆగస్టు 19 నుంచి ఇంగ్లండ్ మొత్తానికి ఇదే రేటు. అంతకు ముందు 60, 120 ఉండేది.

మిల్టన్‌కీన్స్_పాతకాపు | ఫిబ్రవరి 9, ఉదయం 7:03

నేనొచ్చి ఇరవై రెండేళ్ళయింది. మా పెద్దవాడు ప్రైమరీలో ఉన్నప్పుడు ఈ గోల ఇంత లేదు. ప్రత్యేక పరిస్థితి ఉంటే హెడ్‌టీచర్ ఏడాదికి పది రోజుల దాకా ఇవ్వొచ్చని రూల్‌లోనే ఉండేది. మేం జనవరిలో సంక్రాంతికి భీమవరం వెళ్ళి వచ్చేవాళ్ళం. హెడ్‌టీచర్ నవ్వుతూ సంతకం పెట్టి, వచ్చాక పిల్లాడితో క్లాసులో ముగ్గుల గురించి చెప్పించేది. 2013 సెప్టెంబరు నుంచి ఆ వాక్యం తీసేశారు. ఇప్పుడు "అసాధారణ పరిస్థితి" అయితే తప్ప ఇవ్వకూడదు.

కోర్టుకెళ్ళి తేల్చుకుంటా అనేవాళ్ళు జాన్ ప్లాట్ కథ తెలుసుకోండి. ఐల్ ఆఫ్ వైట్‌లో ఉండే తండ్రి. 2015 ఏప్రిల్‌లో కూతుర్ని ఫ్లోరిడాలో డిస్నీ వరల్డ్‌కి తీసుకెళ్ళాడు. ఏడు బడి రోజులు పోయాయి. 60 పౌండ్ల ఫైన్ 120 అయింది, కట్టనన్నాడు. చట్టంలో ఉన్నది "క్రమంగా హాజరు" అనే మాట, మా పాప ఏడాదంతా బాగానే వెళ్ళిందిగా అని అతని వాదన. కింది కోర్టులో గెలిచాడు, 2016లో హైకోర్టులోనూ గెలిచాడు. 2017 ఏప్రిల్ 6న సుప్రీంకోర్టులో మాత్రం ఓడిపోయాడు. క్రమంగా అంటే ఎక్కువ రోజులు రావడం కాదు, స్కూల్ పెట్టిన రూల్ ప్రకారం రావడం అని లేడీ హేల్ తీర్పు రాశారు. ఆ జూన్‌లో కింది కోర్టు అతన్ని దోషి అని, ఖర్చుల కింద రెండు వేల పౌండ్లు కట్టమంది. అరవైతో పోయేది!

హ్యారో_హరి | ఫిబ్రవరి 9, ఉదయం 8:20

ఇంత ఆలోచన ఎందుకండీ. జూన్‌లో టికెట్ రేటు, జూలై ఆఖర్లో టికెట్ రేటు పక్కపక్కన పెట్టి చూడండి. నలుగురికీ కలిపి మిగిలేదాంట్లో ఫైన్ పోను ఇంకా పట్టుచీర వస్తుంది. మేం రెండేళ్ళ క్రితం అదే చేశాం. ఫైన్ అనుకోకండి, ఎయిర్‌పోర్ట్ ట్యాక్స్ అనుకోండి.

కేర్‌హోమ్_కుమారి | ఫిబ్రవరి 9, ఉదయం 8:51

హరి గారూ, మీకు ట్యాక్స్. నాకైతే రెండు రాత్రుల డ్యూటీ.

నేను బర్మింగ్‌హామ్‌లో కేర్ హోమ్‌లో చేస్తాను. పోయిన ఏడాది మా మామగారు కాలం చేస్తే పిల్లలతో సహా వెళ్ళాం. ఆయన కొడుకు కర్మ చెయ్యకుండా ఎలా వస్తాడు? పన్నెండు రోజులూ ఉండాల్సిందే. స్కూల్ వాళ్ళు అంత్యక్రియలకి అని రెండు రోజులు ఇచ్చారు. మిగతా రోజులు హాలిడే అని రాసుకున్నారు. హాలిడే! ఆ మాట చదివినప్పుడు ఏడుపొచ్చింది. పెద్దకర్మ అంటే ఏమిటో ఒక పేజీ రాసి పంపాను, జవాబు రాలేదు. నలుగురి లెక్క, 320 కట్టాం. వాయిదాల్లో కడతామంటే కుదరదన్నారు.

టీచర్_భవాని | ఫిబ్రవరి 9, సాయంత్రం 6:34

కుమారి గారూ, చదివి బాధేసింది. మా స్కూల్లో అయితే ఇంకొన్ని రోజులు ఇచ్చేవాళ్ళమేమో. ఎన్ని రోజులివ్వాలన్నది హెడ్‌టీచర్ చేతిలో ఉన్న విషయమే, ఒక్కొక్కరి పరిస్థితి విడిగా చూడమని గైడెన్స్‌లోనే ఉంది. పన్నెండు రోజుల కర్మ అనేది ఒకటుంటుందని, మీరు రాసేదాకా ఆ హెడ్‌టీచర్‌కి ఎవరూ చెప్పి ఉండరు.

నేను లెస్టర్‌లో ప్రైమరీ టీచర్ని. ఇక్కడ ఎవరికీ నచ్చని వైపు మాట్లాడతాను, తిట్టుకోకండి.

మొదటిది, ఆ డబ్బు స్కూల్‌కి రాదు, కౌన్సిల్‌కి వెళ్తుంది. నోటీసు వేయించి మేం సంపాదించేదేమీ లేదు. రెండోది, నా క్లాసులో ముప్పై మంది. జూన్‌లో ఒకళ్ళు పెళ్ళికి, ఒకళ్ళు స్పెయిన్‌కి, ఒకళ్ళు ఉమ్రాకి. ఒక్కొక్కరు ఒక్కో వారం. భిన్నాలు మొదలుపెట్టిన వారం లేని పిల్ల తిరిగొచ్చాక, కిందా పైనా అంకెలు ఎందుకున్నాయో తెలియక బిక్కమొహం వేసుకుని కూర్చుంటుంది. ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేటప్పుడు మిగతా ఇరవై తొమ్మిది మందిని ఎవరు చూడాలి? మీ అమ్మాయి తెలివైనది, రెండు రోజుల్లో అందుకుంటుంది. అందరి ఇంట్లోనూ కూర్చోబెట్టి చెప్పే అమ్మ ఉండదు.

ఇంకోటి కూడా ఉంది, దీని గురించి తల్లిదండ్రులకి పెద్దగా తెలియదు. బడికి రాని పిల్ల ఎక్కడుందో మాకు తెలియకపోతే మాకు నిద్ర పట్టదు. ఇంట్లో దెబ్బలు తింటున్న పిల్లల్ని పట్టించేది చాలాసార్లు ఆ రిజిస్టరే.

కోవిడ్ తర్వాత సంగతి చూడండి. ఏడాదిలో పదో వంతు రోజులు ఎగ్గొట్టే పిల్లలు 2018-19లో 10.9 శాతం. 2022-23లో 21.2. ప్రభుత్వం బిగించిందంటే ఊరికే కాదు.

లెక్కల_లావణ్య | ఫిబ్రవరి 9, రాత్రి 9:10

భవాని గారూ, బడికి రావడం ముఖ్యమే, కాదనను. కానీ ఆ 21 శాతంలో పెళ్ళిళ్ళకెళ్ళినవాళ్ళెంత మంది, ఒంట్లో బాగోనివాళ్ళు, బడి అంటే భయపడేవాళ్ళు ఎంత మంది? ఫైన్లు ఎవరి మీద పడుతున్నాయో చూడండి. 2023-24లో ఇంగ్లండ్‌లో దాదాపు 4,87,000 పెనాల్టీ నోటీసులు వేస్తే అందులో 91 శాతం హాలిడేలకే. పట్టుకోవడం తేలికని పట్టుకుంటున్నారు. రోజుకో సాకుతో మానేసే పిల్లాడి సమస్య ఎనభై పౌండ్లతో తీరదని వాళ్ళకీ తెలుసు.

హరి గారి "ట్యాక్స్" మాటకి నాకో పాత అధ్యయనం గుర్తొచ్చింది. ఇజ్రాయెల్‌లోని హైఫాలో డే కేర్‌లకి తల్లిదండ్రులు ఆలస్యంగా వస్తున్నారని ఫైన్ పెట్టారు. ఆలస్యాలు తగ్గకపోగా పెరిగాయి. అంతకు ముందు టీచరమ్మ ఎదురుచూస్తుందని మొహమాటం ఉండేది. ఫైన్ పెట్టాక, డబ్బు కట్టాంగా అనే ధీమా వచ్చింది. తర్వాత ఫైన్ తీసేసినా పాత మొహమాటం తిరిగి రాలేదు. ఉన్నవాడికి రేటు, లేనివాడికి శిక్ష. హరి గారిదీ కుమారి గారిదీ పోస్టులు ఒకదాని కింద ఒకటి పెట్టి చదవండి, అర్థమవుతుంది.

హ్యారో_హరి | ఫిబ్రవరి 9, రాత్రి 9:32

ఒప్పుకుంటున్నా. కుమారి గారూ, సారీ అండీ.

పేరు_చెప్పను | ఫిబ్రవరి 10, తెల్లవారుజామున 1:17

ఒంట్లో బాలేదని చెప్పి వెళ్దామనుకునే వాళ్ళకి నా అనుభవం. రెండేళ్ళ క్రితం మరదలి పెళ్ళికి రాజమండ్రి వెళ్ళాం. పాపకి వాంతులు అని మెయిల్ పెట్టాను. మూడో రోజు స్కూల్ నుంచి ఫోన్. నేను ఎత్తలేదు. ఎత్తకపోతేనేం, రింగ్ వినగానే ఇది ఇంగ్లండ్ రింగ్ కాదని ఆవిడకి తెలిసిపోయింది.

సరే, ఏదో సర్ది చెప్పాం. సోమవారం పాప బడికి వెళ్ళింది, మోచేతుల దాకా ఎర్రగా పండిన గోరింటాకుతో. వాంతులకి గోరింటాకు పెడతారా అని ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం కూడా రాలేదు, టీచర్ "వీకెండ్ ఏం చేశావ్" అనగానే మా బంగారుతల్లి గుర్రబ్బండి మీద ఊరేగింపు, బ్యాండు మేళం, మామయ్య డాన్సు అన్నీ వర్ణించిందట.

ఫైన్ పడింది. ఫైన్ కన్నా, ఆ తర్వాత పిల్లకి నిజంగా జ్వరం వచ్చినప్పుడల్లా డాక్టర్ చీటీ అడగడం మొదలుపెట్టారు చూడండి, అదీ శిక్ష. పైగా ఏడేళ్ళ పిల్లకి "అడిగితే కడుపునొప్పి అని చెప్పు" అని నేర్పినందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం.

ఎడిన్‌బరా_ఈశ్వర్ | ఫిబ్రవరి 10, ఉదయం 9:05

స్కాట్లాండ్‌కి వచ్చెయ్యండి! ఇక్కడ హాలిడేకి వెళ్తే ఫైన్ లేదు. అనధికార గైర్హాజరు అని రాసుకుంటారు, అంతే. పైగా మాకు జూన్ ఆఖరికే సెలవులు మొదలు, ఆగస్టు మధ్యలో బడి. చలి భరించాలి మరి.

కార్డిఫ్_కల్యాణి | ఫిబ్రవరి 10, ఉదయం 9:48

వేల్స్‌లో హెడ్‌టీచర్ ఇష్టపడితే పది రోజుల దాకా ఇవ్వొచ్చు. మా హెడ్‌టీచర్ మంచిది, వదిన సీమంతానికి అయిదు రోజులిచ్చింది. సీమంతం అంటే ఏమిటని అడిగి మరీ తెలుసుకుంది.

స్టట్‌గార్ట్_సుధ | ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 12:30

జర్మనీతో పోలిస్తే మీరు స్వర్గంలో ఉన్నారు. 2018లో బవేరియాలో పండగ సెలవులకి ముందు మెమ్మింగెన్ ఎయిర్‌పోర్ట్‌లో పోలీసులు నిలబడి, బడి ఈడు పిల్లలున్న కుటుంబాల్ని ఆపి, స్కూల్ పర్మిషన్ ఉందా అని అడిగారు. మా ఇంట్లో అయితే చివరి బడి రోజు మధ్యాహ్నం దాకా ఎవరూ సూట్‌కేసు ముట్టుకోరు.

మిల్టన్‌కీన్స్_పాతకాపు | ఫిబ్రవరి 10, సాయంత్రం 7:40

రమణమ్మా, మీ ఆయన చెప్పిన ఆగస్టు సంగతి. పంచాంగం తీశాను.

ఈ ఏడాది అధిక జ్యేష్ఠం. మే 17 నుంచి జూన్ నడిమి దాకా అధిక మాసం, పెళ్ళిళ్ళు చెయ్యరు. ఇక్కడి మే హాఫ్ టర్మ్, అదే టర్మ్ మధ్యలో వచ్చే వారం సెలవులు, సరిగ్గా అందులో పోయింది. తర్వాత నిజ జ్యేష్ఠం జూలై 14 దాకా, మీవాళ్ళు పెట్టింది అందులోనే. (నువ్వు తొలిచూలుదానివి, తమ్ముడు తర్వాతవాడు కాబట్టి జ్యేష్ఠం అభ్యంతరం లేకపోయింది.) ఆ వెంటనే ఆషాఢం, ఆగస్టు 12 దాకా. అంటే ఇక్కడ పిల్లలకి సెలవులిచ్చిన మొదటి మూడు వారాలూ శూన్యమాసమే. శ్రావణం 13న వస్తుంది. మీ ఆయన అన్నది మరీ తప్పేం కాదు గానీ, అందరూ శ్రావణం కోసమే కాసుకుని కూర్చుంటారు. కల్యాణ మండపం దొరకడం ముహూర్తం దొరకడం కన్నా కష్టం.

నాకు నవ్వొచ్చేదేంటంటే, ఈ దేశంలో బడి సెలవులు క్రిస్మస్, ఈస్టర్ చూసుకుని పెట్టుకున్నారు. వాళ్ళ పెళ్ళిళ్ళకి ముహూర్తాలుండవు, శనివారం ఉంటే చాలు. వాళ్ళ క్యాలెండర్‌కి సరిపోయే రూల్ అందరికీ సమానం అంటే సమానమే మరి. దీపావళికో రంజాన్ పండక్కో మతపరమైన రోజు అని ఒక రోజు సెలవిస్తారు. పెళ్ళి ఆ లెక్కలోకి రాదు.

డల్లాస్_దివాకర్ | ఫిబ్రవరి 11, ఉదయం 5:12

టెక్సస్‌లో ఇలా హాలిడే ఫైన్ చూడలేదు. అయితే పిల్లలు ఎంతమంది వచ్చారన్నదాన్ని బట్టే రాష్ట్రం స్కూల్‌కి డబ్బిస్తుంది, అందుకని ఫోన్లు మీద ఫోన్లు చేస్తారు. 90 శాతం హాజరు లేకపోతే ఆ క్లాసు క్రెడిట్ ఇవ్వరు. అది పిల్లాడికి పడే ఫైన్ అన్నమాట.

గుంటూరు_మాస్టారు | ఫిబ్రవరి 11, ఉదయం 10:26

మా అబ్బాయి దగ్గరికి క్రాయిడన్ వచ్చినప్పుడు మనవడు వాళ్ళమ్మతో "ఇవాళ లేటైతే నీకు ఫైన్" అనడం విని ఆశ్చర్యపోయాను. నేను ముప్పై ఒక్క ఏళ్ళు ప్రభుత్వ బడిలో పనిచేసి రిటైరయ్యాను.

మన దగ్గర కథ తిరగబడి ఉంటుంది. అక్కడ రాకపోతే తల్లికి జరిమానా, ఇక్కడ వస్తే తల్లికి డబ్బు. 2020 జనవరిలో అమ్మ ఒడి అని 75 శాతం హాజరు ఉంటే 15,000 అన్నారు. ప్రభుత్వం మారాక తల్లికి వందనం అయింది. పేరు ఏదైనా, హాజరు పట్టీ చూపించమని తల్లులు మా టేబుల్ చుట్టూ మూగడం నేను కళ్ళారా చూశాను. 74 శాతం వచ్చిన పిల్ల తల్లి మొహం చూసి, ఆ ఒక్క శాతం నా కలంతో కలిపేద్దామా అనిపించిన రోజులూ ఉన్నాయి. విద్యా హక్కు చట్టంలో పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని పదో సెక్షన్‌లో రాశారు గానీ, చేర్పించకపోతే శిక్ష ఏమీ పెట్టలేదు. మంచి పనే చేశారు.

ఎందుకంటే మా బళ్ళో పిల్లలు టర్మ్ మధ్యలో మాయమయ్యేది హాలిడేకి కాదు. మిరప కోతలకి కర్నూలు పడమటి మండలాల నుంచి, కోసిగి, ఆదోని వైపు నుంచి కుటుంబాలకి కుటుంబాలు మా జిల్లాకి వస్తాయి. సంక్రాంతి దాటితే చేల గట్ల మీద గుడారాలు. పిల్లలు అక్కడి బడి రిజిస్టర్‌లో ఉంటారు, ఇక్కడ మిరపకాయలు ఏరుతుంటారు. ఆ తల్లికి ఫైన్ వేస్తే ఏమొస్తుంది? తాత దగ్గర వదిలి వస్తే చూసుకునే హాస్టల్ ఉంటే కొందరు వదిలేవాళ్ళు. సీజనల్ హాస్టల్ నడిచిన ఏడాది మా చేల మీద పిల్లలు తక్కువ కనపడేవాళ్ళు, అది నా కంటి లెక్క.

రమణి తల్లీ, నువ్వు వెళ్ళు. ఆడపడుచు లేని పెళ్ళి ఏం పెళ్ళి. భవాని బాధ కూడా నిజమే, ఆ వారం పాఠాలేవో అడిగి పట్టుకెళ్ళు.

రెడింగ్_రమణి | ఫిబ్రవరి 11, రాత్రి 10:05

అందరికీ చాలా థాంక్స్. మాస్టారు గారూ, మీ పోస్ట్ అమ్మకి చదివి వినిపించాను, ఇప్పుడు మాట్లాడుతోంది. ఐఎల్‌ఆర్ సంగతి ఎవరైనా చెప్తారా?

స్లౌ_శ్రీను | ఫిబ్రవరి 11, రాత్రి 10:38

గడువులోపల కట్టేస్తే అది శిక్ష పడినట్టు కాదు, క్రిమినల్ రికార్డూ కాదు. కట్టకుండా వదిలేస్తే 1996 ఎడ్యుకేషన్ చట్టం 444 సెక్షన్ కింద కోర్టుకి వెళ్తుంది. అక్కడ దోషి అంటే వెయ్యి పౌండ్ల దాకా జరిమానా. తెలిసే మాన్పించారంటే 2,500 దాకా, మూడు నెలల జైలు కూడా చట్టంలో ఉంది. అలా శిక్ష పడితే మాత్రం ఐఎల్‌ఆర్ ఫారంలో చెప్పి తీరాలి. నోటీసు మీద అప్పీల్ లేదు, కట్టడమో కోర్టో రెండే దారులు. అందుకని ఎవరి మాటా వినకుండా మొదటి 21 రోజుల్లో కట్టెయ్యండి. ఫారంలో ఏ ప్రశ్నకి ఏం రాయాలో ఒకసారి లాయర్‌ని అడగండి.

మూడేళ్ళలో రెండోసారి అయితే తగ్గింపు లేదు, నేరుగా 160. మూడోసారి నోటీసే ఉండదు, కోర్టు దాకా పోవచ్చు. కాబట్టి వచ్చే మూడేళ్ళలో మీ ఇంట్లో ఇంకే పెళ్ళిళ్ళున్నాయో చూసుకోండి :)

ఇంకో మాట. నోటీసుకి లెక్క పది పూటలు. పది బడి వారాల్లో అనుమతి లేని పూటలు పదికి చేరితే, అంటే అయిదు రోజులు.

టీచర్_భవాని | ఫిబ్రవరి 12, ఉదయం 7:15

శ్రీను గారు చెప్పింది నిజమే. అయితే నాలుగున్నర రోజులు అని తెలివిగా లెక్కేసి ఏటా వెళ్ళేవాళ్ళకి, పది నిండకపోయినా కౌన్సిల్ నోటీసు వెయ్యొచ్చు. రిజిస్టర్ మూసేశాక పొద్దున లేటుగా వస్తే అదీ ఒక పూట కిందే పడుతుంది, మర్చిపోవద్దు.

రమణి గారూ, ఎనిమిది రోజులు అని కాకుండా, పెళ్ళి రోజు ఒక్కటి ఇవ్వమని మళ్ళీ అడగండి. శుభలేఖ జతచెయ్యండి. వరుడికి మీరు సొంత అక్క అని, ఆ పెళ్ళిలో అక్క చెయ్యాల్సిన పనులున్నాయని రాయండి. ఫ్యామిలీ వెడ్డింగ్ అని రాస్తే వాళ్ళకి కేకు, డాన్సు గుర్తొస్తాయి. స్కూల్ ఇన్‌సెట్ డేలు (టీచర్లకి ట్రైనింగ్, పిల్లలకి సెలవు) కూడా చూడండి, ఏడాదికి అయిదుంటాయి.

రెడింగ్_రమణి | మార్చి 3, రాత్రి 9:20

అప్‌డేట్. భవాని గారు చెప్పినట్టే రాశాను. ఆడపడుచు అంటే ఏమిటో మూడు లైన్లు, శుభలేఖ ఫోటో. హెడ్‌టీచర్ పిలిచి మాట్లాడారు. పెళ్ళి రోజు ఒక్కటి ఇచ్చారు, మిగతావి ఇవ్వలేనని చెప్పారు. ఆవిడ గొంతులో ఇబ్బంది తెలుస్తూనే ఉంది. "నా చేతుల్లో ఉంటే" అని సగంలో ఆపేశారు.

అదృష్టం కొద్దీ ఆ శుక్రవారం మా స్కూల్‌కి ఇన్‌సెట్ డే. పెళ్ళి గురువారం రాత్రి. కాబట్టి నేనూ బాబూ వారం ముందే వెళ్తున్నాం, నా లీవ్ సరిపోయింది. పాప, వాళ్ళ నాన్న మంగళవారం బడి అయ్యాక నేరుగా హీత్రూకి, బుధవారం మధ్యాహ్నానికి హైదరాబాద్, అక్కణ్ణుంచి కారు. రాత్రికి తెనాలి చేరతారు. మళ్ళీ తర్వాతి బుధవారం పొద్దున పాప బళ్ళో ఉండాలి. అనుమతి లేనివి మూడు రోజులు, ఆరు పూటలు. ఏప్రిల్ నుంచి ఒక్క రోజు కూడా లేటవ్వకుండా దింపే డ్యూటీ మా ఆయనది.

పాప పెళ్ళికొడుకుని చెయ్యడం చూడదు, పసుపు దంచడం చూడదు. తలంబ్రాల టైముకి మెలకువగా ఉంటే గొప్ప. "తమ్ముడికి ఫైన్ లేదని వాడు ముందెళ్తాడా, నేను పెద్దదాన్నయినందుకు నాకు బడా" అని రెండు రోజుల నుంచి వాళ్ళ నాన్నతో మాటల్లేవు.